సోమవారం ఎక్కితే ఆదివారం దిగే విమానం

పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యన సమోవా అనే చిన్న దేశం ఉంది. దాని ప్రధాన విమానాశ్రయం పేరు ఫాలియోలో. సోమవారం ఉదయం పది గంటలకు అక్కడ ఒక చిన్న విమానం ఎక్కారనుకోండి. కాసేపు సముద్రం మీద ఎగిరి, అమెరికన్ సమోవాలోని పాగో పాగోలో దిగేసరికి అక్కడి గోడ గడియారం పదీ నలభై చూపిస్తుంది. మీ చేతి గడియారమూ అదే చెబుతుంది, ముల్లు తిప్పే పనే లేదు. గోడ మీది క్యాలెండర్ మాత్రం ఈ రోజు ఆదివారం అంటుంది. పొద్దున లేచి, సోమవారం కదా అని హడావుడిగా బయల్దేరిన మనిషికి మళ్ళీ ఒక ఆదివారం చేతికొస్తుంది.

ఈ రెండు విమానాశ్రయాల మధ్య దూరమెంత, ప్రయాణమెంతసేపు అని టికెట్లు అమ్మేవాళ్ళని అడిగితే తడుముకోకుండా చెప్పేస్తారు. 150 కిలోమీటర్లు, ముప్పావు గంటకు కాస్త తక్కువ. రెండు అంకెలూ ఒకే వాక్యంలో పక్కపక్కనే వస్తాయి కాబట్టి రెండోది మొదటిదాంట్లోంచే పుట్టిందని మనం అనుకుంటాం. దూరాన్ని వేగంతో భాగిస్తే కాలం వస్తుందని ఆరో తరగతిలో నేర్చుకున్నాం కదా. దీవుల మధ్య ఆ లెక్క అడుగడుగునా తప్పుతుంది. ఎక్కడెక్కడ తప్పుతుందో చూస్తే విమానయానం గురించి చాలా సంగతులు బయటపడతాయి.

ముందు దూరం సంగతి. ఇది అందరూ చేయగలిగిన లెక్కే. ఫోన్‌లో కాలిక్యులేటర్ తెరవండి. ఫాలియోలో భూమధ్యరేఖకు దక్షిణంగా 13.83 డిగ్రీల అక్షాంశం మీద, గ్రీనిచ్‌కు పడమరగా 172.01 డిగ్రీల రేఖాంశం మీద ఉంది. పాగో పాగో 14.33 దక్షిణం, 170.71 పడమర. అక్షాంశాల తేడా 0.50 డిగ్రీ. డిగ్రీకి అరవై భాగాలు చేస్తే ఒక్కో భాగం భూమి మీద ఒక నాటికల్ మైలు, అంటే 1,852 మీటర్లు. నావికులు, పైలట్లు ఈ కొలతను వదలకపోవడానికి కారణం ఈ సౌకర్యమే. 0.50ని 60తో గుణిస్తే 30. అంటే దక్షిణానికి 30 నాటికల్ మైళ్ళు దిగాలి.

రేఖాంశాల తేడా 1.30 డిగ్రీలు. దీన్ని కూడా 60తో గుణిస్తే 78 వస్తుంది గానీ అక్కడితో ఆగకూడదు. రేఖాంశాలు భూమధ్యరేఖ దగ్గర ఎడంగా ఉండి ధ్రువాల వైపు వెళ్ళేకొద్దీ దగ్గరవుతాయి. ఎంత దగ్గరవుతాయో చెప్పేది ఆ అక్షాంశపు కొసైన్. 14 డిగ్రీల కొసైన్ 0.97. 78ని దాంతో గుణిస్తే 76 లోపు. ఇక మిగిలింది పైతాగరస్ సిద్ధాంతం. 30 వర్గం, 76 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 81 నాటికల్ మైళ్ళు వస్తాయి. 1.852తో గుణిస్తే 150 కిలోమీటర్లు. ఉపగ్రహం అక్కర్లేదు, పెద్ద కంప్యూటరూ అక్కర్లేదు.

భూమి గుండ్రంగా ఉంటే బల్లపరుపు నేలకు పనికొచ్చే పైతాగరస్‌ను ఎలా వాడామని మీకు అనుమానం రావాలి. 150 కిలోమీటర్లలో భూమి వంపు వల్ల వచ్చే తేడా లెక్కలోకి రానంత చిన్నది. వేల కిలోమీటర్లయితే అలా కుదరదు. అప్పుడు గోళం మీద అతి దగ్గరి దారి అయిన మహావృత్తాన్ని పట్టుకోవాలి. గోడకు తగిలించే పటం మీద ఆ దారి విల్లులా వంగి కనిపిస్తుంది. పైగా భూమి అచ్చమైన గోళం కూడా కాదు. నడుము దగ్గరి వ్యాసార్ధం 6,378 కిలోమీటర్లయితే ధ్రువాల దగ్గర 6,357. ఈ 21 కిలోమీటర్ల తేడాను కూడా కలుపుకుని లెక్కవేసే సూత్రాలున్నాయి. అయినా ఒకసారి లెక్క తేలాక దూరం పేచీ పెట్టదు. ఈ రోజు 150 అయితే రేపూ 150. పేచీ అంతా కాలంతోనే.

ఫాలియోలో నుంచి పాగో పాగోకు తిరిగే విమానాల్లో పేరున్నది ట్విన్ ఓటర్. కెనడాలో పుట్టిన రెండు ఇంజన్ల బుల్లి విమానం, పంతొమ్మిది మంది పడతారు. కురచ రన్‌వేలకు, ఉప్పుగాలికి తట్టుకుంటుందని ప్రపంచంలో ఏ మారుమూల దీవిలో చూసినా ఇదే కనిపిస్తుంది. ఇలాంటి చిన్న విమానాల్లో బరువు చాలా పెద్ద సంగతి. చాలాచోట్ల సామానుతో పాటు మనిషిని కూడా కాటా ఎక్కిస్తారు. 2013లో సమోవా ఎయిర్ అనే సంస్థ ఇంకో అడుగు ముందుకేసి, సీటు లెక్కన కాకుండా ప్రయాణికుడి బరువును బట్టి కిలోకింత అని టికెట్ పెట్టి ప్రపంచమంతటా వార్తల్లోకెక్కింది. జనం నవ్వుకున్నారు, కొందరు కోప్పడ్డారు. చిన్న విమానానికి మాత్రం అంతకంటే న్యాయమైన ధర ఇంకొకటి లేదని నా అభిప్రాయం. అది మోసేది బరువునే, సీట్లను కాదు.

ట్విన్ ఓటర్ నిలకడగా ఎగిరేటప్పుడు వేగం సుమారు 150 నాట్లు, అంటే గంటకు 150 నాటికల్ మైళ్ళు. 81ని 150తో భాగిస్తే 32 నిమిషాలు. దీనికి ఎత్తు ఎక్కేటప్పుడు తగ్గే వేగం, దిగే ముందు రన్‌వేకు ఎదురుగా సర్దుకోవడానికి కొట్టే చుట్టు, నేల మీద అటూ ఇటూ పాకే సమయం కలుపుకోవాలి. విమాన సంస్థలు టికెట్ మీద అచ్చువేసేది ఈ మొత్తాన్నే. చక్రాల కింది అడ్డు దిమ్మలు తీసిన క్షణం నుంచి మళ్ళీ పెట్టే క్షణం దాకా సాగే ఈ కాలాన్ని బ్లాక్ టైమ్ అంటారు. గాలిలో ఉండే సమయం వేరు. ప్రయాణికుడికి తెలిసేది మొదటిది, ఇంజన్ మరమ్మతుల లెక్కలకు పనికొచ్చేది ముఖ్యంగా రెండోది.

అయితే ఇంకా వేగమైన విమానం వేస్తే సమయం కలిసొస్తుంది కదా? హవాయి దీవుల్లో దీనికి సమాధానం దొరుకుతుంది. హొనలూలూకూ కవాయి దీవిలోని లిహూయేకూ మధ్య దూరం దాదాపు 160 కిలోమీటర్లు, మన సమోవా దారికి ఇంచుమించు సమానం. అక్కడ తిరిగేవి జెట్ విమానాలు. చాలా ఏళ్ళుగా ఆ దారి నడుపుతున్న బోయింగ్ 717 పైకెళ్ళాక గంటకు 800 కిలోమీటర్లు పోగలదు. ట్విన్ ఓటర్‌కు మూడింతలు. ఆ లెక్కన పన్నెండు నిమిషాల్లో చేరాలి. గాలిలో ఉండేదే ఇరవై, పాతిక నిమిషాలు. టికెట్ మీద చూస్తే దాదాపు నలభై!

ఎక్కడికి పోయింది ఆ వేగమంతా? పైలట్లకు ఒక కొండగుర్తు ఉంది. వెయ్యి అడుగులు దిగాలంటే సుమారు మూడు నాటికల్ మైళ్ళ దూరం కావాలి. జెట్ విమానాలు హాయిగా ఎగిరేది 35,000 అడుగుల దగ్గర. అక్కడి నుంచి మెల్లగా దిగడానికే 105 మైళ్ళు పడతాయి. లిహూయే మొత్తం దూరమే తొంభై మైళ్ళ లోపు. అంటే ఆ ఎత్తు ఎక్కితే దిగడానికి చోటుండదు, ఎక్కడానికి పట్టే దూరం సంగతి సరేసరి. కాబట్టి సగంలోనే ఆగి, ఎక్కడం అయిందో లేదో దిగడం మొదలుపెడతారు. పైగా అమెరికా గగనతలంలో పది వేల అడుగుల కింద 250 నాట్లకు మించి పోకూడదని నిబంధన. ఈ చిన్న ప్రయాణంలో చెప్పుకోదగ్గ భాగం ఆ పది వేల అడుగుల లోపలే గడుస్తుంది. మూడు రెట్ల వేగం ఉన్న యంత్రం అక్కడ ట్రాఫిక్‌లో చిక్కుకున్న స్పోర్ట్స్ కారు పాటి పనే చేస్తుంది. హొనలూలూలో రన్‌వే దాకా పాకడానికి, వరసలో నిలబడడానికి పట్టే సమయం సమోవాలో ఉండదు. అందుకే ముసలి ట్విన్ ఓటర్, మెరిసే జెట్ ప్రయాణికుడి గడియారం ముందు దాదాపు సమానమైపోతాయి.

ఈ తర్కాన్ని చివరి అంచు దాకా తీసుకుపోతే స్కాట్లాండ్ ఉత్తరాన ఉన్న ఆర్క్నీ దీవులకు చేరతాం. అక్కడ వెస్ట్రే అనే దీవి, దాని పక్కన పాపా వెస్ట్రే అనే ఇంకా చిన్న దీవి. రెండు విమానాశ్రయాల మధ్య దూరం 2.7 కిలోమీటర్లు. ఎడిన్‌బరా విమానాశ్రయంలోని రన్‌వే పొడవు కూడా దాదాపు అంతే. అయినా ఇక్కడ లోగన్‌ఎయిర్ సంస్థ 1967 నుంచి క్రమం తప్పకుండా విమానం నడుపుతోంది. టైమ్‌టేబుల్ ప్రకారం ప్రయాణం రెండు నిమిషాలు. గాలి అనుకూలిస్తే అంతకంటే తక్కువే. ఈ దారిలో నమోదైన అతి తక్కువ సమయం 53 సెకన్లు, పైలట్ స్టువర్ట్ లింక్‌లేటర్ పేరు మీద ఉంది. ప్రపంచంలో అతి పొట్టి షెడ్యూల్డ్ విమాన ప్రయాణం ఇదే. దిగాక అడిగినవాళ్ళకు ధ్రువపత్రం కూడా ఇస్తారు.

రెండు నిమిషాల్లో 2.7 కిలోమీటర్లంటే గంటకు 81 కిలోమీటర్ల వేగం. జాతీయ రహదారి మీద మన బస్సులు పోయేంత. 53 సెకన్ల రికార్డు ప్రయాణంలో కూడా సగటు 184 దాటదు. ఆ దారిలో తిరిగే బ్రిటన్-నార్మన్ ఐలాండర్ విమానం నిలకడగా ఎగిరితే గంటకు 220 పైచిలుకు పోతుంది. కానీ నిలకడగా ఎగరడానికి అక్కడ చోటేది? లేవగానే దిగాలి. ఇంత పొట్టి దారిలో విమానపు వేగానికి దాదాపు అర్థమే ఉండదు. గాలి ఎటు వీస్తోంది, ఏ రన్‌వే వాడాలి, లేచాక ఎటు తిరగాలి అన్నవే సమయాన్ని తేలుస్తాయి. చిన్న విమానాలు ఎదురుగాలిలోకి లేచి, ఎదురుగాలిలోకే దిగుతాయి. గాలి దారికి అడ్డంగానో వెనకనుంచో ఉన్న రోజు చుట్టు తిరిగి రావాలి, ప్రయాణం పొడుగవుతుంది.

మరి పడవ ఉంది కదా, విమానం ఎందుకని అడగొచ్చు. పడవ ఉంది, ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. కానీ పాపా వెస్ట్రేలో ఉండేది వంద మంది లోపు జనం. ఆర్క్నీ ముఖ్యపట్టణం కిర్క్‌వాల్ నుంచి బయల్దేరిన విమానం దీవులన్నీ తిరుగుతూ, ఒక్కోచోట టీచర్ని, డాక్టర్ని, బ్యాంకు మనిషిని దించుతూ పోతుంది. ఆ తిరుగుడులో రెండు మజిలీల మధ్య పడిన ముక్కే ఈ రెండు నిమిషాలు. రికార్డు కోసం ఎవరూ దాన్ని పుట్టించలేదు. పాపా వెస్ట్రేలో క్రీస్తుపూర్వం 3600 నాటి రాతి ఇల్లు ఒకటి ఇప్పటికీ నిలబడి ఉంది. నాప్ ఆఫ్ హవర్ అంటారు. దాన్ని చూడ్డానికి వచ్చే పురాతత్వ విద్యార్థులూ ఈ విమానమే ఎక్కుతుంటారు.

మళ్ళీ సమోవాకు వద్దాం. గాలి గురించి ఇంకో మాట ఉంది, చాలామంది పొరపాటు పడేచోటు. ఆ ప్రాంతంలో ఏడాదిలో ఎక్కువ కాలం ఆగ్నేయ వ్యాపార పవనాలు వీస్తాయి. ఫాలియోలో నుంచి పాగో పాగో ఉన్నదీ తూర్పు ఆగ్నేయంగానే. అంటే నిన్నటికి వెళ్ళేటప్పుడు ఎదురుగాలి, రేపటికి తిరిగొచ్చేటప్పుడు వెనకగాలి. పోయేటప్పుడు నష్టపోయింది వచ్చేటప్పుడు కలిసొస్తుంది కదా, మొత్తం మీద సమానమే అనిపిస్తుంది. లెక్క వేసి చూడండి. గాలి వేగం 25 నాట్లు అనుకుంటే ఎదురుగా పోయేటప్పుడు భూమి మీద వేగం 125, 81 మైళ్ళకు 39 నిమిషాలు. వచ్చేటప్పుడు 175, అంటే 28 నిమిషాలు. రానూపోనూ 67. గాలే లేకపోతే 65. గాలి ఎప్పుడూ బాకీ తీర్చదు, ఎందుకంటే ఎదురుగాలిలో మనం ఎక్కువసేపు ఉంటాం, వెనకగాలిలో తక్కువసేపే. ఇక్కడ రెండు నిమిషాలే గనక ఎవరికీ పట్టదు. లాస్ ఏంజలిస్ నుంచి 4,100 కిలోమీటర్లు దాటి హొనలూలూ పోయేటప్పుడు పడమటి గాలులకు ఎదురెళ్ళి ఆరు గంటల దాకా పట్టేది, తిరుగు ప్రయాణంలో అయిదు గంటల చిల్లరకు వస్తుంది.

దూరం పెరిగేకొద్దీ ఇంకో కొత్త చిక్కు వస్తుంది. మధ్యలో ఇంజన్ ఆగితే ఎక్కడ దిగాలి? నేల మీద ఎగిరేటప్పుడు ఈ ప్రశ్నకు దారిపొడవునా జవాబులు ఉంటాయి. సముద్రం మీద ఉండవు. 1953లో అమెరికా ఒక నియమం పెట్టింది. రెండు ఇంజన్ల విమానం, ఒక ఇంజన్ మీద గంటలో చేరగలిగిన విమానాశ్రయానికి దూరంగా వెళ్ళకూడదని. అందుకే చాలా కాలం సముద్రాలు దాటే పని మూడు, నాలుగు ఇంజన్ల విమానాలది. జెట్ ఇంజన్ల మీద నమ్మకం కుదిరాక 1985లో రెండు గంటలకు, ఆ తర్వాత మూడు గంటలకు సడలించారు. ఇప్పుడు హవాయికి సాదా బోయింగ్ 737లు కూడా పోతున్నాయంటే ఆ సడలింపుల పుణ్యమే. అనుమతి లేని విమానం అతి దగ్గరి దారిని వదిలి, దీవుల వెంట వంకర దారిలో పోవాలి. పటం మీద గీసిన గీత, విమానం నిజంగా ఎగిరిన గీత వేరవుతాయి.

ఈస్టర్ దీవి దీనికి పరాకాష్ఠ. చిలీ రాజధాని శాంటియాగో నుంచి 3,700 కిలోమీటర్లకు పైనే. చుట్టుపక్కల వేరే పెద్ద విమానాశ్రయమే లేదు. అక్కడ దిగలేకపోతే పక్క ఊరికి మళ్ళించే మాటే ఉండదు. ఇలాంటి ఒంటరి విమానాశ్రయాలకు అంతర్జాతీయంగా ఒక ఏర్పాటుంది. ప్రత్యామ్నాయ విమానాశ్రయానికి చాలే ఇంధనం బదులు, గమ్యం మీదే రెండు గంటలు తిరగడానికి సరిపడా ఇంధనం మోసుకెళ్ళాలి. వానో పొగమంచో తెరిపి ఇచ్చేదాకా పైన చక్కర్లు కొట్టడానికన్నమాట. ఆ అదనపు బరువును మోయడానికీ ఇంధనం కాలుతుంది. ఆ దీవి రన్‌వే మాత్రం మూడు కిలోమీటర్ల పైచిలుకు పొడవు. 1980లలో అమెరికా అంతరిక్ష సంస్థ నాసా, స్పేస్ షటిల్‌కు అత్యవసరంగా దిగే చోటు కావాలని దాన్ని పొడిగింపజేసింది. షటిల్ ఎన్నడూ అక్కడ దిగలేదు. పర్యాటకులకు మాత్రం పెద్ద విమానాలొచ్చాయి.

ఇప్పటిదాకా చెప్పినదంతా భౌతికశాస్త్రం, ఇంజనీరింగు, కొంచెం చట్టం. సోమవారం ఆదివారంగా మారిన సంగతికి ఇవేవీ సంజాయిషీ ఇవ్వవు. అది పూర్తిగా మనుషుల నిర్ణయం, ఇంకా కచ్చితంగా చెప్పాలంటే వ్యాపారుల నిర్ణయం.

సూర్యుడి లెక్క చూద్దాం. భూమి ఒక డిగ్రీ తిరగడానికి నాలుగు నిమిషాలు పడుతుంది. పాగో పాగో ఫాలియోలోకు తూర్పున 1.3 డిగ్రీల దూరంలో ఉంది కాబట్టి అక్కడ సూర్యుడు నడినెత్తికి అయిదు నిమిషాలు ముందు వస్తాడు. ఆకాశం ఒప్పుకునే తేడా అంతే. మిగిలిన కథ 1884లో వాషింగ్టన్‌లో జరిగిన సమావేశంతో మొదలవుతుంది. గ్రీనిచ్‌ను సున్నా రేఖాంశంగా అక్కడ ఒప్పుకున్నారు. దానికి ఆవలి వైపు, 180 డిగ్రీల చుట్టుపక్కల ఎక్కడో ఒకచోట తేదీ మారక తప్పదు. కానీ తేదీ మారే ఆ గీత, అంటే దినరేఖ, కచ్చితంగా ఎక్కడ పోవాలో నిర్ణయించిన అంతర్జాతీయ ఒప్పందమేదీ లేదు. ఏ దేశం ఏ తేదీ పాటించాలో ఆ దేశం ఇష్టం. పటాలు గీసేవాళ్ళు ఆ ఇష్టాలను అనుసరించి గీతను వంకర్లు తిప్పుతారు.

1892 దాకా సమోవా ఆసియా వైపు తేదీనే పాటించేది. అప్పట్లో దాని వ్యాపారం కాలిఫోర్నియాతో పెరిగింది. అమెరికన్ వర్తకులు రాజుకు నచ్చజెప్పారు. ఆ ఏడాది జూలై 4, అంటే అమెరికా స్వాతంత్ర్య దినం, సమోవాలో రెండుసార్లు వచ్చింది. ఆ పండగ తేదీనే ఎంచుకోవడంలో ఎవరిని సంతోషపెట్టాలన్న ఉద్దేశం ఉందో వేరే చెప్పక్కర్లేదు. నూట ఇరవై ఏళ్ళు గడిచేసరికి లెక్క తారుమారైంది. ఇప్పుడు సరుకు, డబ్బు, బంధువులు అన్నీ ఆస్ట్రేలియా, న్యూజీలాండ్‌లలో. అప్పటి తేదీ ప్రకారం సమోవాలో శుక్రవారమంటే అక్కడ శనివారం, సెలవు. ఇక్కడ ఆదివారం చర్చికి పోతుంటే అక్కడ సోమవారం ఆఫీసులు తెరిచేసేవారు. వారంలో రెండు పనిదినాలు అలా చేజారుతున్నాయని ప్రధానమంత్రి తుయిలాయెపా ప్రభుత్వం వాదించింది. అంతకుముందు 2009లో, ఆ రెండు దేశాల నుంచి చవకగా కార్లు తెచ్చుకోవచ్చని రోడ్డు మీద వాహనాలను కుడి నుంచి ఎడమకు మార్చింది కూడా ఈ ప్రభుత్వమే.

2011 డిసెంబరు 29, గురువారం. ఆ రాత్రి పన్నెండు కొట్టగానే సమోవాలో 31వ తేదీ, శనివారం మొదలైంది. డిసెంబరు 30 అనే శుక్రవారం ఆ దేశ చరిత్రలో లేదు. ఆ రోజు పుట్టినరోజు ఉన్నవాళ్ళకు ఆ ఏడాది పుట్టినరోజూ లేదు. పని చేయని ఆ శుక్రవారానికి కూడా ఉద్యోగులకు జీతం ఇచ్చారు. పొరుగున న్యూజీలాండ్ పాలనలోని టోకెలావు దీవులూ ఇదే దారి పట్టాయి. శనివారాన్ని పవిత్ర దినంగా పాటించే సెవెంత్ డే అడ్వెంటిస్టులకు మాత్రం పెద్ద ధర్మసందేహం వచ్చిపడింది. నిన్నటిదాకా ఏ రోజు ప్రార్థన చేశారో ఆ రోజుకు ఇప్పుడు ఆదివారమని పేరు. పేరును పట్టుకోవాలా, ఏడురోజుల వరసను పట్టుకోవాలా అన్న దగ్గర వాళ్ళలో వాళ్ళకే పొత్తు కుదరలేదు. అమెరికన్ సమోవా అమెరికా ప్రాంతం కాబట్టి పాత తేదీతోనే ఉండిపోయింది. ఒకే భాష, ఒకే జాతి, అటూ ఇటూ అన్నదమ్ములు, మధ్యలో 24 గంటలు.

అందుకే పైలట్లు స్థానిక సమయంతో లెక్కలు వేయరు. ప్రపంచంలో ఎక్కడ ఎగిరినా గ్రీనిచ్ ఆధారంగా సాగే సార్వత్రిక సమయమే రాసుకుంటారు. దాన్ని జులూ సమయం అని కూడా అంటారు. మన ప్రయాణాన్ని దాంట్లోకి మార్చి చూడండి. సమోవా గడియారం సార్వత్రిక సమయానికి 13 గంటలు ముందు. సోమవారం పదిలోంచి 13 తీసేస్తే ఆదివారం రాత్రి తొమ్మిది. అమెరికన్ సమోవా 11 గంటలు వెనక. ఆదివారం పదీ నలభైకి 11 కలిపితే ఆదివారం రాత్రి తొమ్మిదీ నలభై. తేడా నలభై నిమిషాలు. మాయ ఎగిరిపోయింది. రెండు ఊళ్ళ మధ్య ప్రయాణకాలం తెలియాలంటే ముందు రెండు గడియారాలనూ ఒకే సమయంలోకి మార్చాలి, తీసివేత తర్వాత. విదేశాల్లో పిల్లలున్న మన తల్లిదండ్రులు టికెట్ చూసి “పదహారు గంటలకే చేరిపోతాడట” అని సంబరపడేది, “ఇరవై తొమ్మిది గంటలా!” అని గుండెలు బాదుకునేది ఈ ఒక్క మెట్టు దాటకపోవడం వల్లే.

సమోవాకు సరిగ్గా తిరగేసిన బొమ్మ మన దేశంలోనే ఉంది. భారత ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖాంశం మన కాకినాడకు చేరువగా పోతుంది. ఆ రేఖకు తూర్పున 10 డిగ్రీల పైచిలుకు దూరంలో అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్ ఉంది. 2024లో దాని పేరు శ్రీ విజయపురంగా మార్చారు. తెలుగువాళ్ళు తరాలుగా స్థిరపడిన ఊరు. అదే రేఖకు పడమరన మళ్ళీ 10 డిగ్రీల పైచిలుకు దూరంలో లక్షద్వీప్‌లోని అగత్తి. రెండు చోట్లా విమానాశ్రయాలున్నాయి. కాకినాడ సూర్యుడి కంటే ఒకచోట సూర్యుడు దాదాపు 40 నిమిషాలు ముందుంటాడు, ఇంకోచోట అంతే వెనక. రెంటి మధ్య సూర్యుడి తేడా గంటా ఇరవై నిమిషాలు. గడియారాల తేడా సున్నా. 150 కిలోమీటర్లకు ఒక రోజు తేడా పెట్టుకున్న మనుషులే ఇక్కడ 2,240 కిలోమీటర్లకు ఒక్క నిమిషం తేడా కూడా వద్దనుకున్నారు. శ్రీ విజయపురంలో తెల్లవారుజామునే ఎండ ముఖాన కొట్టి, సాయంత్రం అయిదున్నర, ఆరు లోపు చీకటి పడిపోవడానికి కారణం ఇదే.

పనిలో పనిగా ఇంకో లెక్క. పైన చెప్పిన కొసైన్ పద్ధతిలో చూస్తే శ్రీ విజయపురానికి చెన్నై నుంచి సుమారు 1,370 కిలోమీటర్లు, కోల్‌కతా నుంచి 1,300. విశాఖపట్నం నుంచి 1,230 లోపే. అండమాన్‌కు ఓడలు బయల్దేరే మూడు రేవుల ఊళ్ళలో అతి దగ్గరిది మనదే. అయినా ఎక్కువ ఓడలు, ఎక్కువ విమానాలు మిగతా రెండు ఊళ్ళకే.

ఇక అగత్తి నుంచి శ్రీ విజయపురానికి నేరుగా విమానం లేదు. ఆ దీవి రన్‌వే పొట్టిది, దిగేవి ఏటీఆర్ లాంటి చిన్న విమానాలే. 2,240 కిలోమీటర్లు నేరుగా పోవడం వాటి వల్ల కాదు, అంత దూరం పోగలిగిన జెట్లు అక్కడ దిగలేవు. మామూలుగా ముందు కొచ్చికి వస్తారు, అక్కడి నుంచి చెన్నైకో బెంగళూరుకో, ఆ తర్వాత అండమాన్‌కు. గాలిలో ఉండే సమయం మొత్తం కలిపి అయిదు, అయిదున్నర గంటలకు మించదు. వేళలు కుదరకపోతే మధ్యలో ఒక రాత్రి గడపాలి. ఆ దారిన వెళ్ళదలచుకున్నవారు దూరం చూసి కాకుండా కనెక్షన్లు చూసి బయల్దేరే రోజు నిర్ణయించుకోండి, కొచ్చిలోనో చెన్నైలోనో గది ముందే మాట్లాడుకోండి.